నడుంవాల్చిన తల్లి గోడ జరిపించిన కథ

విశాఖపట్నం నుండి భీమిలి పోయే రోడ్డులో సముద్రానికి వీపు పెట్టి కొండవైపు తిరిగితే, జీడితోటలు అయిపోయిన చోట సాగరకొండ రెసిడెన్సీ అనే అపార్టుమెంట్లు కనిపిస్తాయి. గేటు దగ్గర "అమ్మవారి దర్శనానికి" అంటే చాలు, వాచ్‌మన్ పేరూ ఊరూ రాయమనడు. దారి కూడా చేత్తో చూపిస్తాడు. గోపురం కోసం మెడ నొప్పి పుట్టేలా పైకి చూడవద్దని భక్తులకు మనవి. గోపురం లేదు. ధ్వజస్తంభమూ లేదు. మూడు ఎత్తైన బ్లాకుల నడుమ, పెద్దవాళ్ల మధ్య పసిపిల్ల కూర్చున్నట్టు, ఒక చిన్న ఇల్లు ఉంటుంది. దానికి గుమ్మం ఉంది గాని తలుపు లేదు.

చెప్పులు విడిచి లోపలికి వెళితే సోఫా, గాజు బల్ల, దాని మీద ప్లాస్టిక్ ద్రాక్షపళ్లు, గోడకు అట్టతో చేసిన టీవీ. కొత్తగా వచ్చినవారు "అయ్యో, ఎవరింట్లోకో వచ్చేశామే!" అని నాలుక కరుచుకుని వెనక్కి తిరిగిపోతుంటారు. తిరగవద్దు. అదే గుడి. హాలు ముఖమండపం, పడకగది గర్భాలయం. అందులో తెల్లటి దుప్పటి పరిచిన పొడవైన మంచం ఉంటుంది. విగ్రహం ఉండదు. మంచానికి కాళ్లవైపు ఉన్న గోడ మీద రెండు పసుపు పాదాలు ఉంటాయి. అవి నడిచిన పాదాలు కావు. పడుకున్న మనిషి కాళ్లు బారజాపి గోడకు ఆనించినట్టు, మడమలు కిందికీ వేళ్లు పైకీ ఉంటాయి. ఆ పాదాలే నడుంవాల్చిన తల్లి.

పోయిన శ్రావణమాసంలో పార్వతీపురం నుండి వచ్చిన ఒక పెద్దావిడ, "ఇదేటమ్మా, పడుకున్న దేవతేటి?" అని ముక్కున వేలేసుకుంది. పక్కనే ఉన్న ఇంకొకావిడ ఊరుకోలేదు. "స్వామి పడుకుంటే పవళింపు సేవ అని పాటలు పాడతారు. అమ్మ ఒక్క పూట నడుం వాల్చితే అడగొచ్చేరేటి?" అంది. ఆ మాటకు గుడంతా నవ్వింది.

పూర్వం ఇక్కడ జీడితోట ఉండేది. పూర్వం అంటే మరీ కృతయుగం అనుకోకండి, ఈ బ్లాకులకు ఇంకా పునాదులు కూడా తవ్వని కాలం. తోట గట్టున మోకాలెత్తు రాయి ఒకటి నిలబడి ఉండేది. గింజలు ఏరే ఆడవాళ్లు పోతూ పోతూ దానికి ఇంత పసుపు రాసి, ఒక గింజ పెట్టి, నడుం మీద చేయి వేసి దండం పెట్టుకుని వెళ్లేవారు. దానికి పేరు లేదు, పూజారి లేడు. తోటను కలిదిండి గోపాలరాజు గారు అనే బిల్డరు కొన్నారు. బుల్డోజరు వచ్చింది. మట్టితో పాటు రాయినీ తోసేసింది. ఎటు తోసిందో, ఏ పల్లంలో పూడ్చిందో ఎవరూ చూడలేదు, ఎవరూ అడగలేదు.

నేల చదును అయిందో లేదో రాజు గారు మాడల్ ఫ్లాట్ మొదలుపెట్టించారు. అసలు ఇల్లు లేకముందే, రాబోయే ఇల్లు ఇలా ఉంటుందని కొనేవాళ్లకు చూపడానికి ప్లైవుడ్ గోడలతో నిలబెట్టే ఇల్లు అది. ఆ పని గేదెల సుభాషిణి అనే డిజైనరుకు అప్పగించారు. సుభాషిణి విజయనగరం పిల్ల. మనిషి పొట్టి, చేయి చురుకు. ఆమె అలంకరించిన గది చూస్తే ఎంతటివాడికైనా వెంటనే అందులో కూర్చుని కాఫీ తాగాలనిపించేది.

ఈ విద్యలో కొన్ని కిటుకులు ఉన్నాయి. తలుపులు పెట్టకూడదు, తలుపు లేని గది పెద్దదిగా కనిపిస్తుంది. అద్దాలు ఎక్కువ పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం మంచం. మంచాన్ని అన్ని వైపులా కొంచెం కొంచెం తగ్గించి, పైన దిండ్లు పేర్చి చేయిస్తే, చూసేవాడి కన్ను దాన్ని మామూలు మంచమే అనుకుంటుంది. అప్పుడు గది తనంత తానే పెరుగుతుంది. రాజు గారు సుభాషిణితో నవ్వుతూ అనేవారు: "మంచం కురచ చేస్తే పోయేది కాస్త చెక్కమ్మా. గది పెంచితే పోయేది నా కొంప." సుభాషిణి కూడా నవ్వేది. అందరూ చేసేదే కదా అనుకునేది. పైగా ఆమె పొట్టిది కాబట్టి ఆ మంచం ఆమెకు ఎప్పుడూ కురచ అనిపించలేదు.

ఇంతలో బుకింగులు తెరిచే రోజు దగ్గరపడింది. ఒకనాటి ఉదయం సుభాషిణి అక్క కంది హైమావతి మాడల్ ఫ్లాట్ చూడడానికి వచ్చింది.

హైమావతి సంగతి కొంచెం చెప్పాలి. ఆమె భర్త సన్యాసిరావు భీమిలి బస్సు డ్రైవరు. ఎన్నో ఏళ్లు ఆ ఘాట్ రోడ్డు మలుపుల్లో బస్సును ఉయ్యాల ఊపినట్టు నడిపిన మనిషి. ఒక లారీ అడ్డం వచ్చి నడుం కింద భాగం చచ్చుబడింది. అప్పటినుండి మంచం, చక్రాల కుర్చీ, ఇవే అతని లోకం. వాళ్లు అద్దెకున్న ఇంట్లో కుర్చీ మంచం పక్కన ఇరుక్కునేదే గాని తిరిగేది కాదు. నీళ్లగదికి వెళ్లాలన్నా భార్య ఎత్తుకుని వెళ్లాలి. రోజంతా పైకప్పు చూస్తూ ఉండేవాడు. హైమావతి, తన పుట్టింటివారు పసుపు కుంకుమల కింద ఇచ్చిన స్థలం అమ్మేసి, కుర్చీ తిరిగే ఇల్లు ఒక్కటి కొందామని పట్టుబట్టింది.

పడకగది చూసి ఆమె ముఖం మతాబాలా వెలిగిపోయింది.

"ఒలమ్మో సుభా! ఇక్కడ మీ బావ మంచం. ఇటునుండి కుర్చీ తిప్పుకుని ఆయనే బాల్కనీలోకి వెళ్లిపోతాడు. ఇంకా నేను చాప వేసుకోడానికి చోటు మిగిలిపోతాది!"

"అక్కా, ఇంకా వేరేవి కూడా చూడు..." అంది సుభాషిణి.

"చూడ్డానికేటుంది? మీ బావ ఒక్కటే అడగమన్నాడు. బాల్కనీలోంచి భీమిలి బస్సు కనిపిస్తాదా?"

"కట్టబోయే ఇంట్లోంచి కనిపిస్తుంది."

హైమావతి చేతిసంచిలోంచి ఉండ చుట్టిన నవారు దారం ఒకటి తీసింది. ఇంటి దగ్గరే మంచం పొడవు కొలిచి అక్కడ ఒక ముడి వేసి ఉంచింది. ఆ ముడి నుండి కుర్చీ పట్టేంత చోటు కొలిచి అక్కడికి తెంపుకుని తెచ్చింది. దాన్ని ఒకసారి చూసి, మళ్లీ సంచిలో పడేసుకుంది.

"కొలుద్దామనే తెచ్చాను. నువ్వు కట్టిన ఇల్లు నేను కొలవడమేటి, సిగ్గుచేటు కాదూ!" అని చెల్లెలి బుగ్గ పుణికి వెళ్లిపోయింది.

సుభాషిణి గుండెల్లో రాయి పడింది. ఆ గదిలో అసలు కొలత మంచం వేస్తే కుర్చీ కాదు గదా, పిల్లి కూడా పక్కకు తిరిగి వెళ్లాలి. బావకు ఇల్లు మారుతుంది గాని పైకప్పు మారదు. చెబుదామంటే నోరు రాలేదు. చెబితే రాజు గారు ఊరుకోరు, ఈ పట్నంలో మరో బిల్డరు గుమ్మం ఎక్కనివ్వడు. చెప్పకపోతే అక్క చేతిలో ఉన్న ఒక్కగానొక్క ఆధారం ఈ గోడల్లో కలిసిపోతుంది.

ఆ రోజుల్లోనే మరో చిత్రం జరుగుతూ ఉండేది. ముడత లేకుండా ఇస్త్రీ చేసి పరిచిన దుప్పటి తెల్లారేసరికి నలిగి ఉండేది. దిండు మధ్యలో గుంట. గదంతా పచ్చి పసుపు వాసన. వాచ్‌మన్ పడుకుంటున్నాడని సుభాషిణి కేకలు వేసింది. అతను పిల్లల మీద ఒట్టేశాడు. ఊడ్చే అసిరమ్మను నిలదీస్తే ఆమె చీపురు కింద పడేసి, "నాకు ఇంటికాడ మంచం నేదేటమ్మా, ఈ బొమ్మల మంచం మీద పడుకోడానికి? నా కాళ్లు ఏటి చేసుకోను, తీసి పక్కన ఎట్టుకోనా?" అని గయ్యిమంది.

అక్క వచ్చి వెళ్లిన మధ్యాహ్నం సుభాషిణి అన్నం ముట్టలేదు. తల దిమ్ముగా ఉండి, అదే మంచం మీద ఒక పక్కకు ఒరిగింది. కన్ను మూతపడిందో లేదో ఎవరో భుజం తట్టారు.

కళ్లు తెరిస్తే ఒక ఆడమనిషి. తల పైకప్పుకు తగులుతుందేమో అన్నంత ఎత్తు. ఒళ్లంతా మట్టి. ముఖాన పసుపు. కొంగులో జీడిగింజలు.

"కాస్త జరుగే పిల్లా. నడుం పీకేస్తోంది" అంది ఆవిడ.

సుభాషిణి బిక్కచచ్చిపోయింది. "ఎవరు తల్లీ? లోపలికి ఎలా వచ్చావు?"

"తలుపెక్కడుంది అడగడానికి? నన్ను తోసేసిన నాటినుండి చోటు కోసం పట్నమంతా తిరిగాను. ఎక్కడ చూసినా తాళాలు, గేట్లు, గొలుసులు. ఇదొక్కటే తలుపు లేని ఇల్లు. నాకోసమే కట్టారనుకుని వచ్చాను. ఏటే ఈ మంచం? మనుషులకేనా? రోజూ మోకాళ్లు ముడుచుకుని చస్తున్నాను. జరుగు."

"జరగడానికి చోటు లేదు తల్లీ, ఆవల గోడ ఉంది."

ఆవిడ విసుగ్గా చూసింది. "గోడుంటే గోడనే జరగమను. అదేటి, నీకంటే పెద్దదా?"

అంటూనే ఆవిడ పక్కమీద వాలి కాళ్లు బారజాపింది. ఇల్లంతా ఒక్కసారి అదిరింది.

సుభాషిణి దిగ్గున లేచి కూర్చుంది. కలే అనుకుంది. మంచినీళ్ల సీసా కోసం చేయి చాపి, ఎదురుగా చూసి, చాపిన చేయి అలాగే ఉండిపోయింది. ఇందాకటిదాకా తెల్లగా ఉన్న గోడమీద రెండు పసుపు పాదాలు. తడి ఇంకా ఆరలేదు. అసిరమ్మను కేకేసింది. అసిరమ్మ పరుగున వచ్చి, చూసి, చీపురు గుండెలకు హత్తుకుని, ఉన్నచోటే చతికిలబడిపోయింది.

కబురు విని రాజు గారు కారులో వచ్చారు. ఆరడుగుల పైచిలుకు మనిషి. తలుపు లేని గుమ్మంలో కూడా తల వంచి రావాలి. గోడ మీది పాదాలు చూసి ఆయన ముందు తెల్లబోయి, తరువాత కోపం తెచ్చుకున్నారు.

"రేపు బుకింగులు. ఎవరిదండీ ఈ వేళాకోళం?"

"వేళాకోళం కాదండీ..." అని సుభాషిణి కల చెప్పబోయింది.

"కలలు తరువాత విందాం లెండి. ముందు రంగు వేయించండి."

రంగు వేయించారు. పెయింటరు డబ్బా మూత బిగించి వెనుదిరిగేలోపు తెల్లరంగులోంచి పసుపు ఊరినట్టు పాదాలు మళ్లీ బయటికి వచ్చాయి. అతను డబ్బా అక్కడే వదిలేసి పోయాడు. బ్రష్షు కోసం కూడా మళ్లీ రాలేదు. చివరికి రాజు గారు ఆ గోడకు పెద్ద సముద్రం బొమ్మ ఒకటి తగిలించి, "ఎవరూ నోరు విప్పకండి" అని వెళ్లిపోయారు.

మరునాడు బుకింగులకు జనం తిరునాళ్లలా వచ్చారు. షామియానా, సన్నాయి, పన్నీరు, తలా ఒక బొబ్బట్టు. హైమావతి అందరికంటే ముందే వచ్చింది. సన్యాసిరావును ఆటోలో కూర్చోబెట్టుకుని తెచ్చింది. అతన్ని కుర్చీలో దించగానే, "సుభా, ముందు ఆ బాల్కనీ చూపించమ్మా" అన్నాడు. మాడల్ ఫ్లాట్ బాల్కనీ ఆవల ఉన్నది ఒట్టి కొండ, రోడ్డు కాదు. అయినా అతని కళ్లలో అప్పటికే బస్సులు తిరుగుతున్నాయి. ఆ కళ్లు చూడగానే సుభాషిణికి నిన్నటినుండి బిగబట్టుకున్నది తెగిపోయింది.

"అక్కా, ఆ దారం తియ్" అంది.

"ఏ దారం?"

"నిన్న నీ సంచిలో పడేసిన దారం. కొలు."

రాజు గారు నలుగురు పెద్దమనుషులకు గది చూపిస్తున్నవారు చటుక్కున తిరిగారు. "సుభాషిణి గారూ, కొలతలన్నీ బ్రోచర్‌లో ఉన్నాయి కదండీ."

"గది కొలతలు ఉన్నాయండీ. మంచం కొలత లేదు. ఈ మంచం నేను కురచ చేయించాను. మీ ఇళ్లలో ఎవరి మంచమూ ఇంత కురచగా ఉండదు."

హైమావతి చెల్లెలి ముఖంలోకి చూసింది. ఆ చూపు సుభాషిణికి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది. హైమావతి దారం తీసింది. ఒక కొస తలవైపు గోడకు సుభాషిణి పట్టుకుంది. హైమావతి రెండో కొస పట్టుకుని మంచం పొడవునా నడిచింది. సన్యాసిరావు మంచానికి వేసిన ముడి, ఈ మంచం చివర దాటి జానెడు అవతల గాల్లో ఆగింది. అక్కడినుండి కుర్చీకి కొలిచిన దారం కొంత సాగి గోడకు తగిలింది. ఇంకా మిగిలింది. మిగిలిన దారం సముద్రం బొమ్మ మీదుగా పైకి వంగింది. అప్పుడే ఆ బొమ్మ, ఎవరూ తాకకుండానే, మేకు ఊడి కింద పడింది.

దారం కొస సరిగ్గా పసుపు పాదాల మడమల దగ్గర ఆగి ఉంది.

ఎంత చోటు తక్కువో అంతకు, వెంట్రుకవాసి తేడా లేకుండా, అమ్మ కాళ్లు చాపి చూపించింది!

"ఇదంతా వీళ్లు ఆడుతున్న నాటకమండీ!" అని రాజు గారు గొంతు పెంచారు. ఆయన ముఖం కందగడ్డ అయింది. "మంచానికేమొచ్చింది? చూడండి, నేను పడుకుని చూపిస్తాను!" అని చెప్పులు విడిచి, పంచె సర్దుకుని, అందరిముందూ మంచం మీద పడుకున్నారు. తల దిండుకు ఆనగానే కాళ్లు పిక్కల దాకా బయటికి వచ్చాయి. కిందికి జరిగితే కాళ్లు ఇంకా బయటికి. పైకి జరిగితే తల గోడకు ఠంగున తగిలింది. మోకాళ్లు ముడిస్తే నవ్వొస్తుందని ముడవలేక, చాపలేక ఆయన అలాగే ఉండిపోయారు.

సన్యాసిరావు కుర్చీలోంచి మెల్లగా అన్నాడు: "రాజు గారూ, మీరైతే లేచి వెళ్లిపోతారు. నేను లేవలేను."

రాజు గారు చూపు పైకప్పు వైపు తిప్పుకున్నారు.

అప్పుడు సుభాషిణికి కల గుర్తొచ్చింది. ముందుకు వెళ్లి, పాదాల పక్కన అరచేయి ఆనించి, "తల్లీ, మా బావ కుర్చీ పట్టాలి. జరుగమ్మా" అంది.

కిర్రుమంది. మొదట ఎవరికీ అర్థం కాలేదు. దారం కొస కదిలింది. పైకి వంగి ఉన్నది కొంచెం కొంచెంగా కిందికి జారింది. మరలు బిగించిన ప్లైవుడ్ గోడ, ఒక్క మర ఊడకుండా, పాదాలు చెదరకుండా, ఆవలికి నడిచింది! చివరికి దారం నేలమీద వాలి తిన్నగా పడుకుంది. కొస గోడను ముద్దుపెట్టుకున్నట్టు తాకింది. గోడ ఆగింది.

రాజు గారు మంచం మీదినుండి దబ్బున కింద పడ్డారు. పడినవారు పడినచోటే సాష్టాంగం చేశారు. అది భయమో భక్తో ఆయనే చెప్పలేకపోయారు. జనంలో ఒకావిడ కళ్లు తిరిగి అసిరమ్మ ఒళ్లో పడింది. ఈ గందరగోళంలో సన్యాసిరావు ఒక్కడే ఎవరినీ పిలవకుండా చక్రాలు తోసుకున్నాడు. మంచం చివర మలుపు తిరిగాడు. ఎక్కడా తగల్లేదు. ఒక చుట్టు తిరిగి వచ్చి భార్య ముందు ఆగి, "మలుపు బాగుంది" అన్నాడు. హైమావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. తరువాత చెల్లెలి వీపు మీద ఒక్కటి గట్టిగా వేసి, అదే చేత్తో దగ్గరకు తీసుకుంది.

పునాదులు ఇంకా తవ్వలేదు కాబట్టి ప్లానంతా తిరగరాశారు. గోడ ఎంత జరిగిందో అసలు ఇళ్లలోనూ గోడలను అంతే జరిపారు. అంతస్తుకు ఒక ఇల్లు తగ్గింది. రాజు గారు కొంతకాలం మూలిగారు. అయినా సుభాషిణిని పంపేయలేదు. ఇప్పటికీ కొత్త వెంచరు మొదలుపెడితే ముందుగా ఆవిడనే పిలిచి, "మంచాలు ముందు వేయండమ్మా, గోడలు తరువాత కడదాం" అంటారు.

మాడల్ ఫ్లాట్‌ను పీకేయడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. అలా అది గుడి అయింది. తలుపు నేటికీ పెట్టలేదు. చోటు వెతుక్కుంటూ వచ్చే తల్లికి అడ్డం ఉండకూడదని. ఆ కురచ మంచం వరండాలో ఉంది. పిల్లలు దానిమీద ఎక్కి గెంతుతారు, ఎవరూ ఏమీ అనరు.

ఇక్కడి మొక్కుబడి సులువైనది. ఇల్లు కొనాలన్నా, కట్టాలన్నా, అద్దెకు దిగాలన్నా మీ ఇంట్లో మంచం మీద ఎక్కువ సేపు ఉండేవారిని తలుచుకుని, పసుపు రాసిన దారం ఒకటి అమ్మవారి మంచం పొడవునా పట్టి, మడమల దగ్గర తాకించి తీసుకువెళ్లాలి. కొత్త గదిలో ఆ దారం తిన్నగా పడుకుంటే ఆ ఇల్లు మీది. వంగితే, ఎంత ముచ్చటగా ఉన్నా వదిలేయండి. దారాలు ఇచ్చేది హైమావతి గారే. "మొహమాటపడి కొలవడం మానేయకండి" అని ప్రతివారికీ చెప్పి మరీ ఇస్తారు. నైవేద్యం వేయించిన జీడిపప్పు. గోడ జరిగిన రోజున ఏటేటా అందరూ ఆ గోడకు అరచేతులు ఆనించి "జరుగమ్మా" అంటారు. గోడ వెనుక జనరేటరు గది ఉన్నది గనుక, మరీ గట్టిగా అనవద్దని అసోసియేషన్ వారి విన్నపం.

శుక్రవారం మొదటి ప్రదక్షిణ సన్యాసిరావు గారిది. మంచం చుట్టూ మనం నడిచే చోటు ఆ కుర్చీ వెడల్పే. ప్రదక్షిణ అయ్యాక ఆయన పక్క బ్లాకులోని తన ఇంటికి వెళ్లి, ఎవరి సాయం లేకుండా బాల్కనీలోకి వస్తారు. కింద రోడ్డు మలుపులో భీమిలి బస్సు హారన్ మోగిస్తుంది. కొత్త డ్రైవర్లు అమ్మవారికి దండం అనుకుని మోగిస్తారు, పాతవాళ్లు ఒకప్పుడు తమకు మలుపులు నేర్పిన గురువుగారికని మోగిస్తారు. ఆయన చేయెత్తుతారు.

ఇల్లు వెతుక్కుంటూ ఇక్కడిదాకా వచ్చిన మీ అందరికీ, చూపుకు పెద్దది కాకపోయినా కాళ్లు చాపుకునే చోటు ఆ తల్లి చూపించుగాక. వెళ్లే ముందు దుప్పటి ఒకసారి చూడండి. పొద్దున్నే పూజారి ముడత లేకుండా పరిచి ఉంటారు. అది నలిగి ఉంటే, మీరు వచ్చేముందే అమ్మ కాసేపు పడుకుని లేచిందని అర్థం.